తాడు పట్టి పాతిన గుంజలు

నగరం, ప్రెస్సు వెనక గది
మార్చి మొదట్లో

అక్కకి నమస్కారాలు.

ఎలా ఉన్నావని అడిగితే "ఇప్పుడు గుర్తొచ్చానా?" అంటావు. అందుకని అడగడం లేదు. నేరుగా పనిలోకి వస్తాను.

ఫిరంగులు పేల్చి చూసే మన రేంజిని మూసేస్తున్నారన్న సంగతి నాకంటే ముందే నీకు తెలిసుంటుంది, కంచె పక్కనే ఉన్నదానివి. వానలకి ముందు సభ పెట్టి, మొదటి విడత భూమిని కాలనీవాళ్ళకి అప్పగిస్తారట. ఆ సభలో రేంజి చరిత్ర పుస్తకం ఒకటి విడుదల చెయ్యాలని పైవాళ్ళకి బుద్ధి పుట్టింది. ఇన్నేళ్ళూ పరాయివాళ్ళ పుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దిన నాకు, మొదటిసారి సొంతంగా తప్పులు చేసే అవకాశం వచ్చింది. రాసేది నేనే.

నా నెత్తిన రిటైరైన ఆఫీసరొకాయన్ని కూర్చోబెట్టారు. మీసాల సారు అంటే చాలు, నీకు మనిషి కళ్ళకి కట్టేస్తాడు. ఆయన దృష్టిలో చరిత్రంటే ఏ ఏడు ఏ ఫిరంగి వచ్చింది, దాని గుండు ఎంత దూరం పోయింది, చూడ్డానికి ఎవరొచ్చారు. అంతే. మొదటి అధ్యాయం దీనితో పంపుతున్నాను. ఊరు ఖాళీ చేయించేనాటికి నేను అమ్మ చంకలో ఉన్నాను, నాకేం గుర్తుంటుంది? నువ్వు చెప్పు. సైరన్ ఎప్పుడు పెట్టారు, ఎర్రజెండా ఎగరేసే బురుజు ఎప్పుడు కట్టారు, ఇలాంటివి. కథలొద్దు. సంవత్సరాలు కావాలి.

బావనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

తమ్ముడు


కంచె పక్క కాలనీ
మార్చి చివర

తమ్ముడికి ఆశీస్సులు. ఇవ్వబుద్ధి కావడం లేదు. అక్కనైపోయాను కాబట్టి ఇస్తున్నాను.

నీ అధ్యాయం చదివాను. రెండో వాక్యానికే ఒళ్ళు మండింది. "జనసంచారం లేని మైదాన ప్రాంతాన్ని ఎంపిక చేయడమైనది." ఒరే, అక్కడ మూడు ఊళ్ళున్నాయి. మేమంతా జనం కామూ? మరి నువ్వెక్కడ పుట్టావు? ఫిరంగి గొట్టంలోంచి ఊడిపడ్డావా?

రాసుకో. ముందు గొలుసు పట్టుకుని ఇద్దరు కొలతలవాళ్ళు వచ్చారు. ఎండన పడి వచ్చారని అమ్మ మంచినీళ్ళిచ్చింది. తర్వాతి వారం నోటీసు వచ్చింది. యుద్ధం అయ్యేదాకానే, పంట వేసే వేళకి ఎవరి పొలం వాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. నాన్న నమ్మి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చాడు. వాళ్ళు మొట్టమొదట గురిపెట్టి కొట్టింది ఆ ఇంటినే. యుద్ధం అయిపోయింది. ఇంకో యుద్ధం కూడా అయిపోయింది. పంట వేసే వేళ మాత్రం ఇంతవరకూ రాలేదు.

నీకు సంవత్సరాలు కావాలి కదా. పెద్దాడు పుట్టినప్పుడు సైరన్ లేదు, చిన్నది పుట్టినప్పుడు ఉంది. లెక్క కట్టుకో. అంతకుముందు ఇవాళ పేలుస్తున్నారన్న సంగతి మొదటి గుండు పేలితేనే తెలిసేది. ఆ అదురుకి నేను కుట్టే ఎన్ని రవికెల కాజాలు పాడయ్యాయో, ఎన్నిసార్లు సూది వేల్లో దిగిందో, అదీ నీ చరిత్రలో పెట్టుకో.

ఫిరంగుల పేర్లు రాశావు. వాటిని మోసుకొచ్చిన లారీ నంబరు రాశావు. ఇరవై ఏళ్ళు అదే రేంజిలో కూలీల మేస్త్రీగా చేసిన నాన్న ఊసు ఒక్క వాక్యమైనా లేదు. కన్నకొడుకు రాసిన పుస్తకంలో తండ్రికి చోటు లేకపోతే ఇంకెవడు రాస్తాడురా?

ఒక మంచి మాట. సభ రోజు అందరి ముందు మొదటి చాలు దున్నేది మీ బావే. కాలనీ అంతా ఒకే మాటగా ఆయన్నే అన్నారు. ట్రాక్టరుకి కొత్త రంగు వేయించాడు. ఈ వయసులో అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు. నవ్వితే కోపం.

నాన్న పేరు మర్చిపోకు.

అక్క


నగరం
ఏప్రిల్ మొదట్లో

అక్కా,

నీ ఉత్తరంలో నాకు పనికొచ్చింది సైరన్ ఒక్కటే. దానికి కూడా నీ పిల్లల పుట్టినరోజులు వెతుక్కోవాల్సి వచ్చింది.

"జనసంచారం లేని" అన్న మాట నాది కాదు తల్లీ. నేను "మూడు ఊళ్ళు ఖాళీ చేయించి" అని రాస్తే మీసాల సారు కొట్టేసి ఇది రాశాడు. నేను మళ్ళీ దిద్దాను. ఆయన మళ్ళీ కొట్టేశాడు. ఆ చోట కాగితం చిల్లుపడేలా ఉంది. అక్కడ ఆయన, ఇక్కడ నువ్వు. మద్దెలకి రెండువైపులా వాయింపే.

నాన్న గురించి అడిగాను. "చెప్పుకోదగ్గది ఏం చేశాడయ్యా?" అన్నాడు. నాకేం తెలుసు? నేను హాస్టల్లో పెరిగాను. కాబట్టి ఏదైనా ఒక సంఘటన రాయి. మంచివాడు, ఎవరి జోలికీ పోడు అని రాయకు. అలాంటివి సంతాపసభల్లో చెప్పుకోవాలి.

బావ దున్నేది పాత బావి వైపు మైదానమే కదా? మంచి ముక్క. మొన్నే ఐదో అధ్యాయంలో దాని సంగతి రాశాను. పేలకుండా నేలలో దిగిపోయిన గుండ్లు అక్కడ చాలా ఉండేవట. దిగినచోటల్లా గుర్తుకి ఒక ఇనప గుంజ పాతేవారు. కొన్నేళ్ళకి తవ్వేవాళ్ళు వచ్చి గుంజ గుంజకీ తవ్వి చూస్తే ఒక్క గుండూ దొరకలేదు. అంతకుముందే ఎవరో తీసేసి ఉంటారని, నేల శుభ్రంగా ఉందని రాసిచ్చేశారు. అందుకే ఆ ముక్క ముందుగా ఇస్తున్నారు. బావని నిశ్చింతగా దున్నుకోమను.

తమ్ముడు


కంచె పక్క కాలనీ
ఏప్రిల్ మధ్య

తమ్ముడికి,

సంఘటన కావాలా? ఇదిగో. నువ్వు రాసిన ఆ గుంజలే.

తవ్వేవాళ్ళు రావడానికి ముందటి ఏడు. నాకింకా పెళ్ళి కాలేదు. పైనుంచి పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడని రేంజి అంతా హడావుడి. రాళ్ళకి సున్నం, చెట్లకి సున్నం. కదలకుండా నిలబడితే మనుషులకి కూడా కొట్టేసేవాళ్ళు. ఇక్కడి ఆఫీసరు బురుజెక్కి చూశాడు. "ఆ గుంజలేంటి, కోళ్ళు గెలికినట్టు? పెద్దాయన చూస్తే ఏమంటాడు? అన్నీ వరసలో పెట్టించు" అని నాన్నకి పురమాయించాడు.

ఆ వేళ కూలీల్లో ఒకడు రాలేదు. తాడు పట్టుకోడానికి నాన్న నన్ను తీసుకెళ్ళాడు. ఒక కొస నా చేతిలో, ఒక కొస ఆయన చేతిలో. ఒక కన్ను మూసి చూసేవాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకునేవాడు కాదు, పీకించి మళ్ళీ పాతించేవాడు. బావి గట్టుని ఆనుకుని ఉన్న గుంజ ఒకటి రానని మొండికేసింది. ముగ్గురు కలిసి లాగితే ఊడి వచ్చి నా కొత్త లంగా బెత్తెడు చించింది. అమ్మ చేత తిట్లు నాకు, గుంజకి కాదు. అన్నీ పీకి, ఎర్రరంగు వేసి, సమాన దూరంలో పాతేసరికి పొద్దు వాలింది. ఆ వరసలు చూస్తే నేను కుట్టిన మిషను కుట్టు కూడా వంకరగా ఉన్నట్టే.

పెద్దాఫీసరు బురుజు మీద నిలబడి, "క్రమశిక్షణ అంటే ఇదీ!" అన్నాడట. నాన్నని పిలిపించి భుజం తట్టి చేతిగడియారం ఇచ్చాడు. మన ఇంట్లో ఎవరికైనా ఎవరైనా ఏదైనా మెచ్చి ఇచ్చారంటే అదొక్కటే.

ఇప్పుడు రాయి. ఇది చెప్పుకోదగ్గది కాదనమను, మీ మీసాల సారుని.

అక్క


నగరం
ఏప్రిల్ చివర

అక్కా,

కూర్చుని చదువు. ఇది ఎవరికీ చదివి వినిపించకు.

ఆ గుంజలు గుండ్లకి గుర్తులు. గుండు ఎక్కడ దిగితే అక్కడ గుంజ ఉండాలి. గుండ్లు తాడు పట్టుకుని వరసలో పడవు కదా! మీరు గుంజల్ని వరసలో పెట్టారు. గుండ్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. మరుసటి ఏడు తవ్వేవాళ్ళు వచ్చి గుంజల కింద తవ్వారు. ఏం దొరుకుతుంది? మట్టి దొరికింది. నేల శుభ్రంగా ఉందని రాసి వెళ్ళిపోయారు. ఆ ముక్కని నేను ఐదో అధ్యాయంలో మెచ్చుకుంటూ రాశాను. పైగా బావని నిశ్చింతగా దున్నుకోమన్నాను!

వరసలు పెట్టకముందు అవి ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించే పటం కోసం రెండు రోజులు వెతికాను. లేదు. ఉన్న పటం తనిఖీ తర్వాత గీసింది. అందులో గుంజలన్నీ చక్కగా వరసలోనే ఉన్నాయి.

బావకి వెంటనే చెప్పు. ట్రాక్టరు ఆ కంచె దాటకూడదు. నువ్వు ఒకసారి వచ్చి, ఇది నీ కళ్ళతో చూశానని ఇక్కడ అప్పగింత కమిటీ ముందు చెప్పాలి. ఆ కూలీలెవరూ ఇప్పుడు లేరు. చూసినదానివి నువ్వొక్కదానివే మిగిలావు.

తమ్ముడు


కంచె పక్క కాలనీ
మే మొదట్లో

తమ్ముడూ,

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. నాన్న పేరు పుస్తకంలో రాయరా అంటే, నాన్నని నేరస్థుణ్ణి చేసి నిలబెడతానంటున్నావు.

నేను రాను. నేనేమీ చెప్పలేదు, నువ్వేమీ వినలేదు.

నాన్న వెర్రివాడేం కాదు. "సార్, ఇవి గుర్తులు కదా" అని నా ఎదురుగానే అడిగాడు. "అవన్నీ పటంలో ఎక్కించాం, నీకెందుకు? చెప్పింది చెయ్యి" అన్నాడు ఆఫీసరు. అబద్ధమాడిందెవరు? ఆయన పింఛను తీసుకుని హాయిగా పోయాడు. ఇప్పుడు మాట పడేది నాన్న. ఆ తర్వాత నేను. మేస్త్రీ కూతురు నోరు విప్పింది, మన భూమి పోయింది అంటారు. ఇక్కడ మనుషులు దీని కోసం ఎన్ని ఆఫీసుల మెట్లెక్కారో నీకేం తెలుసు? పక్కింటి వడ్రంగి మామయ్య మంచం మీదున్నాడు. "నన్ను ఒక్కసారి ఎత్తుకెళ్ళి మా పొలంలో దింపండి చాలు" అంటాడు రోజూ. ఆయనకి వెళ్ళి చెప్పనా, ఇంకొన్నాళ్ళు ఆగమని?

ఇన్నేళ్ళుగా అక్కడ మేకలు తిరుగుతున్నాయి. ఏ మేకకీ ఏమీ కాలేదు.

మీ బావకి చెప్పలేదు. సభకి తెల్ల చొక్కా కుట్టమన్నాడు. కుడుతున్నాను. పొద్దున్నుంచీ అదే చెయ్యి రెండుసార్లు విప్పి కుట్టాను. ఇదంతా నీ పుణ్యమే.

అక్క


నగరం
మే చివర

అక్కా,

మేకలు నేల మీద నడుస్తాయి. నాగలి నేలలోకి దిగుతుంది. ఇది కూడా నేను చెప్పాలా?

నువ్వు రానంటే నేనే కమిటీ ముందుకి వెళ్ళాను. ఏం జరిగిందో విను.

"తవ్వితే ఏమీ దొరకలేదంటే ఏమీ లేదనే కదయ్యా?" అన్నాడు కమిటీలో కూర్చున్న మీసాల సారు.

"గుంజ కింద లేదు సార్. గుంజ ముందు ఎక్కడుండేదో అక్కడ ఉంది."

"ముందు ఎక్కడుండేది?"

"అది తెలియదు సార్."

"తెలియనిదాన్ని పట్టుకుని సభ ఆపమంటావా? ఎవరు చెప్పారు నీకు?"

"మా అక్క."

"ఆవిడ వస్తుందా?"

"రానంటోంది సార్."

అందరూ నవ్వారు. ఒకాయనకి నవ్వి నవ్వి పొలమారింది. ఇంత మంది పెద్దవాళ్ళు ఇంత తేలిగ్గా ఇంత పెద్ద పొరపాటు చేస్తుంటే, మధ్యలో నిలబడి నేను పిచ్చివాడిలా గుడ్లప్పగించి చూశాను. నా మాట చెల్లలేదు. సభ జూన్ పద్నాలుగో తేదీనే.

నాన్న పరువు గురించి నాకూ ఉంది బాధ. ఆయన అడిగాడని, ఆఫీసరు నోరు మూయించాడని నువ్వు రాసింది చదివి నాకు ఏడుపొచ్చింది. కానీ ఆయనకి ఇప్పుడు ఏ గుండు తగిలినా ఏం కాదు. బావకి తగులుతుంది. నీకు నా మీద కోపముంటే జన్మంతా ఉంచుకో. బావకి మాత్రం చెప్పు. చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

తమ్ముడు


కంచె పక్క కాలనీ
జూన్ 15

తమ్ముడికి,

నిన్న సభకి నిన్ను రానివ్వలేదని గేటు దగ్గర ఎవరో చెప్పారు. అందుకని నువ్వు చూడనిది రాస్తున్నాను.

నిన్న పొద్దున మీ బావ కొత్త చొక్కా తొడుక్కుని టీ తాగుతుంటే చెప్పేశాను. అంతకుముందు చాలాసార్లు నోటిదాకా వచ్చింది, ఆ సంబరం చూసి మింగేశాను. విని గ్లాసు కింద పెట్టాడు.

"నెల రోజులు తెలిసి నాతో చెప్పలేదా?" అన్నాడు.

"మీ మొహం చూసి చెప్పలేకపోయాను" అన్నాను.

లేచి కాలనీ పెద్దల దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళు ఎగతాళి చేశారు. "భయమైతే పక్కకి తప్పుకో, దున్నేవాళ్ళకి కరువా?" అన్నారు. వడ్రంగి మామయ్య పెద్దకొడుకు మా ట్రాక్టరు తాళాలే మీ బావ చేతిలోంచి లాక్కున్నాడు. వాడికి ఇద్దరు పసివాళ్ళు.

అప్పటికి షామియానా కింద అందరూ కూర్చున్నారు. వేదిక మీద మీ మీసాల సారు రేంజి కీర్తి చదువుతున్నాడు. నేను వెళ్ళి మైకు లాక్కున్నాను. నా గొంతు అంత పెద్దగా వస్తుందని నాకే తెలియదు. తాడు పట్టుకున్నది నేనేనని, గుంజలు మార్చమన్నది ఫలానా ఆఫీసరని, ఇవి గుర్తులు కదా అని మా నాన్న అడిగాడని, అన్నీ చెప్పాను. దింపండి ఆవిణ్ణి అని కేకలు వేశారు. మన కాలనీవాళ్ళే వేశారు.

"ఒక్కటంటే ఒక్కటి చూపించమ్మా, ఎక్కడుందో" అన్నాడు మీసాల సారు, చేతులు కట్టుకుని.

మిగతావి నాకు తెలియవు గానీ బావి గట్టు దగ్గరిది మర్చిపోతానా? వేలు పెట్టి చూపించాను. జనానికి చూపించడానికి బల్ల మీద పెట్టిన యంత్రం ఒకటుంది, లోపల ఇనుముంటే కూతపెట్టేది. ఒక సిపాయి దాన్ని తీసుకెళ్ళి అక్కడ ఆడించాడు. అది పెట్టిన కూతకి షామియానాలో పిల్లలు ఏడ్చారు. ఆ సిపాయి చేత్తో మట్టి తీశాడు. జానెడు లోతులో ఉంది. తుప్పు పట్టి, బండరాయిలా. మొదటి చాలుకి ముగ్గుపిండితో గీసిన గీత సరిగ్గా దాని మీదుగానే పోతోంది.

కుర్చీలు ఎవరివక్కడ వదిలేసి పరిగెత్తారు. ట్రాక్టరు మీద కూర్చున్న వడ్రంగి కొడుకు స్టీరింగు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. మీ బావే వెళ్ళి చెయ్యి పట్టుకుని దింపాడు.

గేటుకి మళ్ళీ తాళం వేశారు. అడుగడుగూ వెతికి తేల్చేదాకా భూమి ఇవ్వరట. ఎన్నేళ్ళని అడిగితే చెప్పేవాడు లేడు.

అక్క


నగరం
జూలై మొదట్లో

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు ఆ మైకు లాక్కోవడం చూడలేకపోయానే అని ఇప్పటికీ బాధగా ఉంది.

ఇక్కడి తమాషా కూడా విను. ఇప్పుడు పుస్తకంలో నాన్న ప్రస్తావన ఉండి తీరాల్సిందేనని మీసాల సారు పట్టు. "ఒక కూలీ మేస్త్రీ అజాగ్రత్త వలన" అని రాసుకొచ్చాడు. ఆఫీసరు ఊసు లేదు. "ఆజ్ఞ ఇచ్చినవాడి పేరు కూడా రాద్దాం సార్" అన్నాను. "పోయినవాళ్ళని ఎందుకయ్యా లాగడం?" అన్నాడు. మా నాన్న కూడా పోయాడు సార్ అన్నాను.

నా కాగితాలు తీసుకుని వచ్చేశాను. ప్రెస్సు యజమాని నన్ను మళ్ళీ ప్రూఫుల మీద కూర్చోబెట్టాడు. ఆ పుస్తకం ఎవరితోనో రాయిస్తారు. నేను మాత్రం నువ్వు చెప్పినట్టే, మూడు ఊళ్ళ దగ్గర మొదలుపెట్టి, నాకోసం మళ్ళీ రాస్తున్నాను. అచ్చవుతుందో లేదో తెలియదు.

అక్కడ మనుషులు ఎలా ఉన్నారు? బావ మాట్లాడుతున్నాడా?

తమ్ముడు


కంచె పక్క కాలనీ
ఆగస్టు

తమ్ముడికి,

మనుషులా? వడ్రంగి మామయ్య పోయాడు. పొలంలో దింపమని చివరిదాకా అడిగాడు. పలకరించడానికి వెళితే వాళ్ళావిడ ముఖం తిప్పుకుంది. అదే ఇంట్లో పెద్దకొడుకు, వీధి చివరిదాకా నా వెనకే వచ్చి దిగబెట్టి వెళ్ళాడు. సగం కాలనీ బట్టలు పక్క వీధి దర్జీకి ఇస్తోంది. వాడి కుట్టు రెండు ఉతుకులకి ఊడుతుంది. నాకేం, ఊడనీ.

కంచె లోపల సిపాయిలు తాళ్ళు కట్టి అంగుళం అంగుళం వెతుకుతున్నారు. ఇప్పటిదాకా పదకొండు దొరికాయట. మైదానంలో మూల ముక్క కూడా పూర్తి కాలేదు. ఒక్కొక్కటీ పేల్చినప్పుడు మళ్ళీ సైరన్, మళ్ళీ కిటికీల అదురు. మూసేసిన రేంజిలో ఇంత మోత ముందెప్పుడూ వినలేదు.

మీ బావ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. భూమి పోయినందుకా, నెల రోజులు దాచినందుకా అంటే చెప్పలేదు. నిన్న మధ్యాహ్నం అన్నం తింటూ, "మనవల కాలానికైనా ఇస్తారంటావా?" అని అడిగాడు. ఇస్తారన్నాను. నాకేం తెలుసు? ఎదురుగా కూర్చుని తింటున్న మనిషితో ఇంకేమంటాను?

రెండోసారి అన్నం పెట్టమని కంచం జరిపాడు. పెట్టాను. నువ్వు మంచి పని చేశావని నేను అనను, నా నోటివెంట ఆ మాట రాదు. అలా తింటున్న ఆయన్ని చూస్తూ నీ మీద కోపం నిలబెట్టుకోవడం చాలా కష్టంగా ఉంది. అయినా ప్రయత్నిస్తూనే ఉన్నాను.

అక్క